పిల్ల ఉద్యోగం – రెండు గుమ్మాలు



కిందటేడు మా అక్కకూతురి పురిటికి టెక్సాస్ వెళ్ళాను. అక్కకి మోకాళ్ళ నొప్పులు, అంతసేపు విమానంలో కూర్చోలేదు. వెళ్ళాక గానీ పిల్లకి ఉద్యోగం పోయిందని నాకు తెలియలేదు. నాలుగోనెల వచ్చాక ఆఫీసులో చెప్పిందట. పదిహేను రోజులు తిరక్కముందే "నీ పని బాగులేదు" అని పంపేశారు. అంతకుముందు మూడేళ్ళూ మెచ్చుకుంటూ వాళ్ళే ఇచ్చిన కాగితాలున్నాయి. అమ్మ బెంగ పెట్టుకుంటుందని ఇంట్లో చెప్పలేదు.

అక్కడ టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ అని రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది. మన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి లాంటిదే కాబోలనుకున్నాను. పేరు రాయించుకుని, కార్డు రెన్యువల్ చేయించుకుంటూ ఇంటర్వ్యూ కాగితం కోసం ఎదురుచూడడం మనకి అలవాటే కదండీ! ఇది వేరు. తన తప్పు లేకుండా పని పోయినవారికి భృతి కూడా ఇస్తుంది. ఆ డబ్బు యజమానులు కట్టే పన్నులోంచి వస్తుంది, జీతంలోంచి కోసినది కాదు. రెండు వారాలకోసారి అడగాలి, ఉద్యోగం వెతుకుతున్నట్టు చూపాలి.

పిల్లకి ముందు భృతి రాదని ఉత్తరం వచ్చింది. ఉత్తరం పంపిన తేదీ నుంచి 14 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. అల్లుడు చురుకైనవాడు, చేయించాడు. విచారణ టెలిఫోనులోనే జరిగింది. పని చేతకాకపోవడం వేరు, కావాలని తప్పు చెయ్యడం వేరు అని తేల్చి భృతి ఇచ్చారు. గ్రీన్‌కార్డు ఉన్న పిల్ల కనక సరిపోయింది. హెచ్-1 వీసా వాళ్ళకి ఇది దొరకడం కష్టం.

"గర్భిణినని తీసేశారని అందులో రాశానుగా పిన్నీ, ఇంకేం చెయ్యాలి?" అంది.

ఇక్కడే ఉంది పొరపాటు. వివక్ష ఫిర్యాదు తీసుకునేది అదే సంస్థలోని పౌరహక్కుల విభాగం. భృతి వారికి చెప్పుకున్నది వీరికి చెప్పినట్టు కాదు. పదిహేనుమందికి తగ్గకుండా పనివాళ్ళున్న చోటైతే, అన్యాయం జరిగిన 180 రోజుల్లో విడిగా ఫిర్యాదు పెట్టాలి. దీనికి వీసా అడ్డం కాదు. కేంద్రప్రభుత్వపు ఈఈఓసీకి 300 రోజుల దాకా గడువున్నా, రాష్ట్ర చట్టం కింద హక్కు 180తోనే పోతుంది.

బాబుకి పన్నెండోరోజు. వంటింటి క్యాలెండరు ముందేసుకుని లెక్కపెట్టాం. 152!

"పోనీలే పిన్నీ, రేపు ఇంకోచోట ఉద్యోగం ఇవ్వరేమో" అంది. చట్టం కక్ష సాధించకూడదంటుందని అల్లుడు చదివి వినిపించాడు. నాకు మాత్రం నా సంగతి గుర్తుకొచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఓ చిన్న ఆఫీసులో గుమాస్తాగా ఉండేదాన్ని. ఏడోనెలలో "పురుడయ్యాక చూద్దాంలెండి" అన్నారు. మారుమాట్లాడకుండా టిఫిను డబ్బా తీసుకుని వచ్చేశాను. 1961లోనే మనకి ప్రసూతి చట్టమంటూ ఒకటి వచ్చిందని నాకెవరు చెప్పారు? ఆ మాటే పిల్లకి చెప్పాను. చంటివాణ్ణి నా ఒళ్ళో పడుకోబెట్టి, ఆ రాత్రే రాయడానికి కూర్చుంది.

ఫిర్యాదు అందిందని జవాబొచ్చింది. మధ్యవర్తి దగ్గర కూర్చుంటారా అని అడిగారట. ఇంకా తేలలేదు. మీ పిల్లలెవరైనా అక్కడుంటే, ఈసారి ఫోనులో వంటల కబుర్లయ్యాక, మెప్పుకాగితాలూ తీసేసిన ఉత్తరమూ భద్రంగా దాచుకున్నారో లేదో ఒక్కమాట అడగండి.