మూసిన గదిలో పన్నెండు ఫోటోలు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



గుమాస్తాగా పనిచేసిన నన్ను ఫోటోల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందుగా మన కోవకే చెందిన ఒక పెద్దాయనను తలుచుకుంటాను. లాలా దీన్ దయాళ్ 1866లో ఇందోరు పబ్లిక్ వర్క్సు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. తరువాత కెమెరా పట్టి ఆరవ నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యారు. ఆనాడు సామాన్యులకు ప్రవేశం లేని మహళ్ళను ఈనాడు మనం ఆయన ఫోటోల్లో చూస్తున్నాం. అయితే నాకు బాగా నచ్చింది మరొకటి. ఘోషా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. పరదా తీయమని అడగకుండా, లోపలివారి మర్యాదకు తగినట్టు తన పద్ధతినే మార్చుకున్నారు.

నా అనుభవం చాలా చిన్నది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు మా కచేరీ రికార్డు రూము ఖాళీ చేయవలసి వచ్చింది. బయటివారెవరూ అడుగుపెట్టని గది అది. ఫోటోలు తీస్తానని తహశీల్దారు గారిని అడిగాను. “కాగితాల మీద అక్షరం కనబడకూడదు” అనే షరతుతో ఒప్పుకున్నారు. రైతుల భూముల వివరాలు కదా, ఆ షరతు న్యాయమే.

స్నేహితుడి యాషికా కెమెరా తెచ్చాను. రీలుకు పన్నెండే ఫోటోలు. ఏళ్ళ తరబడి మూసివున్న కిటికీ రెక్క నిలవక పడిపోతుంటే, మా రికార్డు అటెండరు గోడకు ఒదిగి దాన్ని పట్టుకున్నారు. ఏ కట్ట ఎక్కడుందో చీకట్లో కూడా చెప్పగల మనిషి. “నేను అడ్డమేమో బాబూ” అని ప్రతిసారీ పక్కకు జరిగేవారు. నేనూ జరగమనే అన్నాను.

రెండేళ్ళకు ఆయన పోయారు. దినానికి పటం కట్టించాలి, ఫోటో ఏదైనా ఉందా అంటూ కొడుకు వచ్చాడు. పన్నెండూ ముందు పెట్టుకు వెతికాం. బీరువాలున్నాయి, ఎర్రగుడ్డ కట్టలున్నాయి, తలుపుకున్న తాళంకప్ప ఉంది. ఆయన మాత్రం లేరు. ఒక్కదానిలో కిటికీ రెక్క పట్టుకున్న చెయ్యి కనిపించింది. “ఇది మా నాన్న చెయ్యేనండీ” అని కళ్ళకద్దుకుని, దాన్నే తీసుకెళ్ళాడు.

గదిలోకి వెళ్ళడానికి అనుమతి సంపాదించాను గాని, ఆ గదిని కాపాడిన మనిషి ఫోటో ఒక్కటి తీయలేకపోయాను. ఆ వెలితి ఇప్పటికీ ఉంది.

మీ ఇళ్ళల్లో పాత వీడ్కోలు సభల గ్రూపు ఫోటోలుంటే బయటికి తీయండి. వెనక పేర్లు రాయండి. చివరి వరసలో నిలబడ్డ అటెండరు పేరుతో మొదలుపెట్టండి. ఆ పేర్లు తెలిసినవాళ్ళం ఇక మనమే మిగిలాం.