లాగే బండి, వెంట వచ్చే ఇల్లు

(రహదారి భద్రతా సభలో చేసిన ప్రసంగ పాఠం)



క్యారవాన్ అనే మాట వినగానే తెలుగువారి మనస్సులో మెదిలేది సినిమా షూటింగు దగ్గర నిలిచి ఉండే నటీనటుల విశ్రాంతి వాహనం. దానికి స్వంత ఇంజను ఉంటుంది. ఈనాటి ప్రసంగ విషయం అది కాదు. ఆస్ట్రేలియాలో క్యారవాన్ అంటే ఇంజను లేని చక్రాల ఇల్లు. పడక, వంటగది, నీళ్ల ట్యాంకులు, గ్యాసు సిలిండర్లు అన్నీ అందులోనే ఉంటాయి. దానిని ఒక ఫోర్ వీల్ డ్రైవ్ వాహనం వెనుక తగిలించుకొని కుటుంబాలు వేల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి.

ఈ విషయం మన నగరంలో ఎందుకు అనే సందేహం రావడం సహజం. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఎందరి పిల్లలో మెల్‌బోర్న్, సిడ్నీ, పెర్త్ నగరాలలో ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడి వేసవి సెలవులు డిసెంబరు, జనవరి నెలలలో వస్తాయి. తల్లిదండ్రులు చూడటానికి వెళ్ళేదీ ఎక్కువగా అప్పుడే. క్యారవాన్ అద్దెకు తీసుకొనో, కొనుక్కొనో పిల్లలు వారిని ప్రయాణానికి తీసుకొని వెళతారు. వెనుక సీటులో కూర్చునే పెద్దలకు ఆ వాహనం ఎలా సిద్ధపడవలెనో తెలిసి ఉండటం అనవసర జ్ఞానం కాదు. పైగా అక్కడ వర్తించే బరువు సూత్రమే మన వీధిలో తిరిగే నీళ్ల ట్యాంకరుకూ, కాంక్రీటు మిక్సరుకూ వర్తిస్తుంది.

ముందుగా ఎడ్లబండిని తలచుకుందాం. బస్తాలు ఎక్కించేటప్పుడు పెద్దలు మొగ్గు చూసేవారు. బరువు మరీ ముందుకు పడితే కాడి ఎద్దుల మెడలను నొక్కుతుంది. వెనుకకు పడితే నొగలు పైకి లేచి బండి అదుపు తప్పుతుంది. బరువంతా ఇరుసు మీద నిలిచి, కొద్దిపాటి మొగ్గు మాత్రమే కాడి మీదకు రావాలి. క్యారవాన్ శాస్త్రం యావత్తూ ఈ నాలుగు వాక్యాలలో ఉంది. ఎద్దుల స్థానంలో వాహనం వచ్చింది. కాడి స్థానంలో టో బాల్ అనే ఉక్కు గుండు వచ్చింది. అంతే తేడా.

ఆస్ట్రేలియాలో సర్వసాధారణంగా వాడే ఆ గుండు వ్యాసం 50 మిల్లీమీటర్లు. దాని మీద క్యారవాన్ నిలువుగా మోపే భారం మొత్తం బరువులో సుమారు 10 శాతం ఉండాలని అక్కడి వాడుక. అంటే 2,800 కిలోల క్యారవాన్ అయితే గుండు మీద 280 కిలోలు. ఇది మరీ తగ్గితే క్యారవాన్ తోక ఆడించడం మొదలుపెడుతుంది. మరీ పెరిగితే వాహనం వెనుక భాగం కుంగుతుంది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. అక్కడి పత్రాలలో మూడు సంక్షిప్త నామాలు కనిపిస్తాయి. జీవీఎం అంటే మనుషులు, సామాను, ఇంధనం, గుండు మీది భారం అన్నీ కలుపుకొని వాహనం తూగదగిన గరిష్ఠ బరువు. జీసీఎం అంటే వాహనమూ క్యారవానూ జంటగా తూగదగిన గరిష్ఠ బరువు. మూడవది ఏటీఎం. ఆ పేరు వినగానే మనకు డబ్బులిచ్చే యంత్రం గుర్తుకు వచ్చినా, ఇక్కడ దాని అర్థం విడిగా నిలబెట్టిన క్యారవాన్ నిండుగా తూగదగిన గరిష్ఠ బరువు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మించినా ప్రయాణం చట్టవిరుద్ధమే. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ పరిహారాన్ని తిరస్కరించడానికీ ఆస్కారం ఏర్పడుతుంది.

విక్రేతలు మాత్రం నాలుగవ అంకెను పెద్ద అక్షరాలలో చూపుతారు. అది 3,500 కిలోల లాగుడు శక్తి. ల్యాండ్ క్రూయిజర్, పెట్రోల్ వంటి పెద్ద వాహనాలకు అక్కడ ప్రకటించే అంకె అదే. కొనేవారు ఆ అంకెను చూసి నిశ్చింతగా ఉంటారు. ఒక ఊహా వాహనంతో లెక్క వేసి చూద్దాం.

ట్యాంకు నిండా ఇంధనంతో వాహనం బరువు 2,500 కిలోలు, జీవీఎం 3,200 కిలోలు అనుకుందాం. మోయడానికి మిగిలినది 700 కిలోలు. కంగారూల వంటి జంతువులు అడ్డు వస్తాయని ముందు తగిలించే ఉక్కు కమ్మీ 60, రెండవ బ్యాటరీ 30, వెనుక అమర్చే సొరుగులు 60, పైకప్పు మీది చట్రం 30, లాగుడు చట్రం 40 కిలోలు. ఈ అలంకారాలకే 220 పోయాయి. గుండు మీది భారం 280. ఇక మిగిలినది 200 కిలోలు. నలుగురు పెద్దలు ఎక్కితే, మనిషికి 70 చొప్పున 280 కిలోలు. ఒక్క పెట్టె అయినా ఎక్కించకముందే వాహనం 80 కిలోలు మించిపోయింది. 3,500 కిలోలు లాగగలదన్న బండి 2,800 కిలోల క్యారవాన్‌కే తన బరువు తాను మోయలేని స్థితికి వచ్చింది.

జంట బరువు లెక్క వేరు. దీని జీసీఎం 6,000 కిలోలు అనుకుంటే, వాహనం 3,200 తూగినప్పుడు క్యారవాన్ చక్రాల మీద ఉండదగినది 2,800 మాత్రమే. మన క్యారవాన్ 280 కిలోలు గుండుకు ఇచ్చి, చక్రాల మీద 2,520 కిలోలే మోపుతుంది గనుక ఈ పరీక్షలో నెగ్గుతుంది. ఒక పరీక్షలో నెగ్గడం రెండవ దానిలో నెగ్గినట్లు కాదని దీని వలన తెలుస్తుంది.

మరొక సూక్ష్మం ఉంది. గుండు వెనుక ఇరుసుకు ఇంకా వెనుకగా ఉంటుంది. అక్కడ 280 కిలోలు మోపితే వాహనం త్రాసు వలె మొగ్గుతుంది. ఇరుసుల మధ్య దూరం 2.8 మీటర్లు, వెనుక ఇరుసు నుంచి గుండుకు 1.2 మీటర్లు ఉంటే, ముందు ఇరుసు మీద 120 కిలోలు తగ్గి, వెనుక ఇరుసు మీద 400 కిలోలు పెరుగుతాయి. దిశ తిప్పేవి ముందు చక్రాలు. బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేవీ అవే. వాటి పట్టు సడలితే స్టీరింగు తేలికగా తిరుగుతున్నట్లు అనిపిస్తుంది. ఆ తేలికదనమే అపాయ సూచన.

దీనికి పరిహారంగా బరువు పంచే కొక్కెం అనే సాధనం ఉంది. రెండు స్ప్రింగు కమ్మీలు కొంత భారాన్ని వెనుక ఇరుసు నుంచి ముందు ఇరుసుకూ, క్యారవాన్ చక్రాలకూ మళ్ళిస్తాయి. అది భారాన్ని పంచుతుందే కాని గరిష్ఠ పరిమితిని పెంచదు. కొన్ని వాహనాలకు తయారీదారులే దానిని వాడవద్దని చెబుతారు గనుక చేతిపుస్తకం చూడటం తప్పనిసరి. గుంతలు, వాగులు ఉన్న దారిలో దానిని విప్పవలసి ఉంటుంది. కొందరు దీనికి బదులు వెనుక స్ప్రింగులలో గాలి సంచులు పెట్టిస్తారు. వాటి వలన వెనుక భాగం పైకి లేచి చూపుకు సమంగా కనిపిస్తుంది. ముందు ఇరుసు పోగొట్టుకున్న బరువు మాత్రం తిరిగి రాదు. పికప్ తరహా వాహనాలలో భారం ఒకచోట కేంద్రీకృతమై చట్రం వంగిన సందర్భాలూ ఉన్నాయి.

తరువాతది బ్రేకుల విషయం. ఆస్ట్రేలియా నియమాల ప్రకారం చక్రాల మీద 750 కిలోలు మించిన ట్రైలరుకు స్వంత బ్రేకులు ఉండాలి. 2,000 కిలోలు మించితే అన్ని చక్రాలకూ బ్రేకులు ఉండాలి. అంతేకాక, క్యారవాన్ దారిలో తెగిపోతే దానంతట అదే బ్రేకు పడి, కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచే ఏర్పాటు ఉండాలి. 2,500 కిలోలు దాటితే రెండు భద్రతా గొలుసులు తప్పనిసరి. వాటిని కొక్కెం కింద కత్తెర వలె అడ్డంగా వేయడం మంచిది. కొక్కెం ఊడినా క్యారవాన్ ముక్కు నేలకు తగలకుండా ఆ గొలుసులు ఊయల వలె పట్టుకుంటాయి.

క్యారవాన్‌లోని విద్యుత్ బ్రేకులను నడిపించే చిన్న పరికరం డ్రైవరు చేతికి అందేటట్లు అమర్చుతారు. ప్రాణం కాపాడేది అదే. క్యారవాన్ పాము వలె అటూ ఇటూ ఊగడం ఆరంభించినప్పుడు మనిషి స్వభావం కాలి బ్రేకును బలంగా తొక్కమంటుంది, స్టీరింగును ఎదురు తిప్పమంటుంది. రెండూ ఊగును పెంచుతాయి. చేయవలసినది వేరు. స్టీరింగు నిటారుగా పట్టుకోవాలి. యాక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీయాలి. ఆ పరికరం మీది మీటను చేతితో నొక్కి, క్యారవాన్‌కు మాత్రమే బ్రేకు వేయాలి. వెనుక బండి వెనక్కు లాగుతుంది గనుక జంట మళ్ళీ ఒకే గీతలోకి వస్తుంది. ఆ మీట ఎక్కడ ఉందో పక్కన కూర్చున్నవారికీ తెలిసి ఉండాలి.

ఊగుకు మూలం వేగమూ, వెనుక భాగంలో పెట్టిన బరువూ. సైకిళ్ళు, అదనపు చక్రాలు, పరికరాల పెట్టె క్యారవాన్ వెనుక గోడకు తగిలించడం సౌకర్యంగా ఉంటుంది కాని, ఇరుసుకు దూరాన ఉన్న బరువు ఊగును పెంచుతుంది. బరువైన వస్తువులు ఇరుసు మీద, నేలకు దగ్గరగా ఉండాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో లాగుతున్న వాహనానికి గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్లు. నల్లార్బర్ మైదానం గుండా సాగే ఐర్ రహదారిలో 146.6 కిలోమీటర్ల దూరం ఒక్క మలుపు కూడా లేదు. అటువంటి దారి వేగానికి ఆహ్వానం పలుకుతుంది. అదే దారిలో రోడ్ ట్రైన్ అనే భారీ లారీలు ఎదురవుతాయి. అవి దాటి పోయేటప్పుడు గాలి క్యారవాన్‌ను ముందు నెట్టి, తరువాత లాగుతుంది.

టైర్లు, గేర్ల సంగతి కొంత. గాలి పీడనం వాహనం చల్లగా ఉన్నప్పుడే చూడాలి. బరువుకు తగినంత పీడనం లేని టైరు లోలోపల వేడెక్కి పగులుతుంది. ఆటోమేటిక్ గేరు వాహనాలలో ఎగువ దారిన లాగేటప్పుడు గేర్ల నూనె తీవ్రంగా కాగుతుంది గనుక, దాని కోసం అదనపు కూలరు అమర్చుతారు. దిగువ దారిన బ్రేకు మీదే ఆధారపడక, తక్కువ గేరులోకి మార్చి ఇంజను చేత నిలువరింపచేయాలి. నాలుగు చక్రాల శక్తిని తడి గడ్డి మీదా, ఇసుకలోనూ వాడుకోవాలి. మధ్య డిఫరెన్షియల్ లేని వాహనాలలో దానిని తారు రోడ్డు మీద వాడితే గేర్ల వ్యవస్థ బిగుసుకుపోతుంది.

మరి ఇందాకటి 80 కిలోల అదనానికి మార్గమేమిటి? కొత్త స్ప్రింగులు వేయించి, ఇంజనీరు ధ్రువపత్రంతో జీవీఎం పెంచుకోవడం ఒక మార్గం. అది ఖర్చుతో కూడినది, జీసీఎంను తనంత తానుగా పెంచనిది. చవకైన మార్గం సొరుగులూ పైకప్పు చట్రమూ తీసివేయడం. 90 కిలోలు తగ్గుతాయి. బట్టలూ వంటసామానూ క్యారవాన్‌లో ఇరుసు మీద సర్దాలి, దాని ఏటీఎం మించకుండా. అన్నిటికంటె క్షేమమైనది 2,000 కిలోల చిన్న క్యారవాన్ ఎంచుకోవడం. గుండు మీద 200 కిలోలే పడతాయి.

ఊహల లెక్క ఇంతవరకే. నిజం చెప్పేది కాటా. అన్నీ సర్ది, మనుషులు ఎక్కి, వేబ్రిడ్జి మీదకు వెళ్ళాలి. తగిలించి ఉన్నప్పుడు వాహనం చక్రాలను మాత్రమే ఒకసారి, క్యారవాన్ చక్రాలను మాత్రమే ఒకసారి తూయించాలి. తరువాత క్యారవాన్‌ను విప్పి ఒంటరిగా తూయించాలి. క్యారవాన్ రెండు తూకాల తేడాయే గుండు మీది భారం. బయలుదేరే ముందు పెద్దలు పిల్లలను అడగవలసినవి మూడే ప్రశ్నలు: కాటా వేయించారా? గొలుసులు తగిలించారా? ఆ బ్రేకు మీట ఎక్కడ ఉంది?

ఇక మన వీధికి వద్దాం. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 113వ సెక్షను వాహనాల బరువుకు పరిమితి విధిస్తున్నది. అనుమానం వచ్చిన సరకు వాహనాన్ని తూయించే అధికారం 114వ సెక్షను ఇస్తున్నది. ఇంటి నిర్మాణానికి ఇక్కడ కాంక్రీటు మిక్సరును జీపు వెనుక కట్టి తెచ్చే మేస్త్రీలలో తెలుగువారు ఎందరో ఉన్నారు. కొక్కెం పిన్ను స్థానంలో ఇనుప చువ్వ దూర్చడం, గొలుసు లేకపోవడం, వెనుక దీపం వెలగకపోవడం, మిక్సరు మీద కూలీలను కూర్చోబెట్టడం నిత్యం కనిపించే దృశ్యాలు. సగం నిండిన నీళ్ల ట్యాంకరులో నీరు మలుపు దగ్గర ఒక పక్కకు ఒరిగి బండిని పడదోస్తుంది. సరైన పిన్ను, ఒక గొలుసు, ఒక దీపం కొనడం పెద్ద ఖర్చు కాదు. రేపు ఉదయం మీ వీధిలోకి మిక్సరు వచ్చినప్పుడు, పని మొదలుకాకముందే మేస్త్రీని పిలిచి ఆ మూడూ ఉన్నాయో లేవో అడగండి. లేకుంటే తెప్పించిన తరువాతే బండిని కదలనివ్వండి.