జరిగింది జరిగినట్టు, వినేవాళ్లు వినేటట్టు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మేము ఆదివాసీ బాలికల హాస్టళ్లలో వార్డెన్లుగా పనిచేసేవాళ్లం. టీచర్ ట్రైనింగ్ చేసి ఈ ఉద్యోగంలోకి వచ్చాం. తెల్లారి లేస్తే హాజరు, బియ్యం లెక్క, కూరగాయల బిల్లు, జ్వరం వచ్చిన పిల్లకు మాత్ర. మా రోజు ఇలాగే గడుస్తుంది. మేము పుస్తకాలు అచ్చువేసిన రచయితలం కాదు. అయినా రాయడం గురించి మాట్లాడమని సంఘం పెద్దలు అడిగితే సరేనన్నాం. ఎందుకంటే రాత్రి స్టడీ అవర్ అయ్యాక పిల్లల దగ్గర కూర్చుని, వాళ్ల ఇంటి సంగతులు వాళ్ల చేతే రాయించే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాం. ఆ పనిలో తెలిసిందే ఇవాళ మీకు చెబుతాం.

ఇలాంటి రాతను ఇంగ్లీషులో క్రియేటివ్ నాన్‌ఫిక్షన్ అంటున్నారు. పేరు పెద్దదే గాని సంగతి చిన్నది. జరిగినదాన్నే రాయాలి, కాని కథ చదివినట్టు చదివించాలి. కథ రాసేవాళ్లు లేని మనిషిని పుట్టించవచ్చు, అనని మాట అనిపించవచ్చు. మనకు ఆ వీలు లేదు. మనిషి ఉండాలి, మాట అని ఉండాలి. ఆ హద్దులో ఉండి కూడా చదివేవాళ్ల కళ్లకు కట్టించాలి.

ఇది తెలుగుకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి, దారిలో చూసిన ఊళ్లు, నదులు, జనం సంగతులు ఎప్పటికప్పుడు రాసుకున్నాడు. అది 1838లో పుస్తకమై వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని చదువుతున్నామంటే ఆయన కళ్లతో చూసి రాశాడు కాబట్టే.

మరి మన సంగతులు ఎవరు రాశారు? కుమ్రం భీం అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను మన ప్రాంతానికి పంపింది. ఆయన గూడేల్లో ఉండి, గోండి నేర్చుకుని, మన పెద్దల మాటలు విని రాశాడు. రాజ్ గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ కేంద్రం మొదలైంది. అక్కడ గోండి వాచకాలు దేవనాగరి లిపిలో ఉండేవి. ఆ దంపతుల సమాధులు ఇప్పటికీ మార్లవాయిలో ఉన్నాయి. వాళ్ల మేలు మరిచిపోలేం. కాని ఒక్క మాట. ఆయన ఎంత ప్రేమగా రాసినా అది వచ్చి చూసినవాళ్ల రాత. పుట్టి పెరిగినవాళ్ల రాత ఇంకా రావాల్సే ఉంది.

మనకు మాట లేక కాదు. ప్రధాన్లు కిక్రి వాయిస్తూ మన పేన్ల కథలు, వంశాల కథలు తరతరాలుగా చెబుతూనే ఉన్నారు. మనకు లిపి కూడా ఉంది. గుంజాలలో దొరికిన పాత రాతప్రతులు దానికి సాక్ష్యం. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. లేనిది ఒక్కటే: మామూలు మనుషుల మామూలు బతుకు, వాళ్ల మనవళ్ల, మనవరాళ్ల చేతిరాతలో.

ఇక ఎలా రాయాలో చూద్దాం.

"మీ తాత గురించి రాయండి" అంటే హాస్టల్ పిల్లలు ముందుగా ఇలా రాస్తారు: "మా తాత గొప్ప రైతు. ఎంతో కష్టపడి అడవిని సాగు చేసి మమ్మల్ని పోషించాడు. ఆయన త్యాగం మరువలేనిది." ఇందులో తప్పు లేదు. కాని ఈ మూడు వాక్యాలు ఏ తాతకైనా సరిపోతాయి. తాత ఇందులో కనిపించడు.

అప్పుడు మేము తిట్టం, దిద్దం. అడుగుతాం. చేను ఎన్ని ఎకరాలు? ఏ పంట? ఎడ్లు ఎవరివి? చేనులో రాళ్లుండేవా? ఏరిన రాళ్లు ఏం చేశాడు? ఆ పిల్ల సెలవులకు ఇంటికి పోయి, అవ్వను అడిగి, చేనులో నిలబడి చూసి వస్తుంది. రెండోసారి రాసింది ఇలా ఉంటుంది:

"మా తాతకు మూడెకరాల చేను. ఏరిన రాళ్లతో పడమటి వైపు గట్టు పెట్టాడు. ఆ గట్టు ఇప్పుడు నా నడుము దాకా వస్తుంది. దానికి నాలుగు ఎండాకాలాలు పట్టాయని అవ్వ చెప్పింది. తాతకు ఒక్క ఎద్దే ఉండేది. రెండోది పక్కింటి వాళ్లది. ఒక రోజు మా చేను దున్నితే మరో రోజు వాళ్ల చేను దున్నేవాళ్లు."

కష్టం అన్న మాట ఇందులో లేదు, త్యాగం అన్న మాట లేదు. కాని తాత కనబడుతున్నాడు. పక్కింటి వాళ్లు కూడా కనబడుతున్నారు.

ఇది అందంగా రాయడం కోసమే కాదు. 2006 అటవీ హక్కుల చట్టం మీ అందరికీ తెలుసు. 13 డిసెంబరు 2005 నాటికి భూమి మన సాగులో ఉందని చూపించాలి. దేనితో చూపించాలో ఆ చట్టం కింద వచ్చిన నియమాల్లో 13వ నియమం చెబుతుంది. ఆ జాబితాలో ప్రభుత్వ కాగితాలే కాదు, చేనులో వేసిన గట్లు, చదును చేసిన నేల, ఇళ్లు ఉన్నాయి. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. హక్కు అడిగేవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటను రాతలో పెడితే అది కూడా ఆధారమే. ఒక్క ఆధారం చాలదు, ఒకటికి మించి ఉండాలి. ఇప్పుడు ఆలోచించండి. "గొప్ప రైతు" అన్న మాట గ్రామసభలో దేనికి పనికొస్తుంది? "నడుము దాకా గట్టు, పడమటి వైపు, నాలుగు ఎండాకాలాలు" అంటే ఎవరైనా పోయి చూసుకోవచ్చు. చదివేవాళ్లను కదిలించే వివరమే సాక్ష్యంగా కూడా నిలబడుతుంది. అందుకే పెంచి రాయకండి. మూడెకరాలను ఐదెకరాలు అని ఒక్కసారి రాస్తే, నిజమైన మూడెకరాల మీద కూడా అనుమానం వస్తుంది.

పెద్దలను అడగడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ఫోన్ ముందు పెట్టి "అవ్వా, మన సంస్కృతి గురించి చెప్పు" అంటే ఆమె ఏం చెబుతుంది? "ఏముంది బిడ్డా, అప్పుడు మంచిగుండె" అని ఊరుకుంటుంది. ఆమె పని చేస్తున్నప్పుడు పక్కన కూర్చోండి. ఇప్పపువ్వు ఏరుతుంటే మీరూ ఏరండి. ఎన్ని గంటలకు లేచేదానివి, తోడు ఎవరు వచ్చేవాళ్లు, ఎండబెట్టింది ఎక్కడ దాచేవాళ్లు, సంతలో దానికి బదులు ఏం తెచ్చేవాళ్లు అని అడగండి. చేతికి తెలిసిన సంగతి అడిగితే నోటికి మాట వస్తుంది. రికార్డు చేయాలనుకుంటే ముందు చెప్పి చేయండి. విన్నది ఆ రాత్రే రాసుకోండి. పొద్దున్నకు ఆమె మాట పోయి మీ మాట మిగులుతుంది.

ఆమె గోండిలో చెబితే ముఖ్యమైన మాటలు గోండిలోనే ఉంచండి. పేన్ అన్న చోట పేన్ అనే రాయండి. దానికి దగ్గరి తెలుగు మాట వెతికి పెడితే అర్థం పక్కకు పోతుంది. తెలియనివాళ్ల కోసం పక్క వాక్యంలో విడమరిచి చెప్పవచ్చు.

తేదీల సంగతి. మా హాస్టల్ అడ్మిషన్ రిజిస్టర్లు చూస్తే సగం మంది పిల్లలు జూన్ నెలలోనే పుట్టినట్టు ఉంటుంది. బడిలో చేర్చిన రోజు సారు ఏది రాస్తే అదే పుట్టినరోజు. కాబట్టి కాగితం మీద ఉంది కదా అని నమ్మేయకండి, కాగితం లేదు కదా అని వదిలేయకండి. మన పెద్దలు కాలాన్ని సంఘటనలతో లెక్కపెడతారు. ఇంద్రవెల్లికి ముందా, తర్వాతా? ఆ ఏడు దండారికి పెద్దబ్బాయి నడుస్తున్నాడా, చంకలో ఉన్నాడా? ఇలా అడిగితే ఏడాది దొరుకుతుంది. భీం వర్ధంతినే చూడండి. జోడేఘాట్‌లో మనం ఆశ్వయుజ పౌర్ణమికి జరుపుకుంటాం. పుస్తకాలు చూస్తే 1940 అన్న సంవత్సరం కలుస్తుంది గాని, ఇంగ్లీషు తేదీ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అలాంటప్పుడు పౌర్ణమి అని మన లెక్క రాయడానికి సిగ్గుపడక్కర్లేదు.

ఇంద్రవెల్లి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. 20 ఏప్రిల్ 1981న అక్కడ జరిగిన కాల్పుల్లో చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. ఊళ్లలో చెప్పుకునే లెక్క, హక్కుల సంఘాల లెక్క అంతకంటే చాలా ఎక్కువ. మీ అమ్మమ్మ ఆ రోజు అక్కడ ఉందనుకోండి. ఆమె నోట ఒక అంకె పెట్టకండి. ఆమె ఎక్కడ నిలబడింది, ఎటు పరుగెత్తింది, ఎవరి చెయ్యి పట్టుకుంది, ఇంటికి ఎప్పుడు చేరింది అన్నవి రాయండి. అంకె రాయాల్సి వస్తే ఏ అంకె ఎవరిదో చెప్పి రెండూ రాయండి. అలా రాస్తే ఆ పేజీని ఎవరూ కొట్టిపారేయలేరు.

ఇందుకు తెలుగులో మనకు మూడు చిన్న మాటలున్నాయి. "చూశాను", "చెప్పింది", "అనుకుంటున్నాను". మీరు రాసిన ప్రతి సంగతి ఈ మూడింటిలో దేని కింద వస్తుందో మీకు తెలియాలి. తాత మనసులో ఏముందో మీరు చూడలేదు. "తాత ఏడ్చాడు" అని రాయాలంటే ఎవరో చూసి చెప్పి ఉండాలి. లేకపోతే "తాతకు ఏడుపు వచ్చి ఉంటుందని అనుకుంటున్నాను" అని రాయండి. అలా రాస్తే రాత పలచబడదు, చదివేవాళ్లకు మీ మీద నమ్మకం పెరుగుతుంది.

మరో రెండు మాటలు కూడా చూసి వాడండి. "మేము", "మనం". ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. తెలుగులో "మేము" అంటే వినేవాళ్లు బయట ఉంటారు, "మనం" అంటే లోపలికి వస్తారు. మీ రాత ఎవరి కోసమో ముందే తేల్చుకోండి. బయటివాళ్లకు అయితే "మేము దండారి ఆడతాం" అని మొదలుపెట్టి, దండారి ఏమిటో చెప్పాలి. మనవాళ్లకు అయితే అది చెప్పక్కర్లేదు. మీ గూడెం దండారిలో ఆ ఏడు ఏం జరిగిందో నేరుగా చెప్పవచ్చు. ఈ సంచికలో మనం మనవాళ్ల కోసమే రాసుకుంటున్నాం.

తెలిసిందంతా రాయాలని లేదు. పేన్ పూజల్లో బయట చెప్పకూడనివి ఉంటాయి. ఏది చెప్పవచ్చో కటోడాను, గూడెం పెద్దలను అడగండి. ఒక ఆడపిల్ల కష్టం, ఒక ఇంటి అప్పు, కోర్టులో ఉన్న భూమి తగాదా లాంటివి రాసే ముందు ఆ ఇంటివాళ్లు సరేనన్నారా అని చూసుకోండి. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. మన గూడెంలో ముప్పై ఇళ్లుంటే ఎవరి గురించో రెండో వాక్యానికే తెలిసిపోతుంది. రాయడం పూర్తయ్యాక, ఎవరి గురించి రాశారో వాళ్లకు చదివి వినిపించండి. చదువు రాని అవ్వ కూడా వింటుంది, "అట్ల గాదు బిడ్డా" అని సరిచేస్తుంది. "ఇది తీసెయ్" అంటే తీసెయ్యండి. ఆమె బతుకు మీద మొదటి మాట ఆమెదే, చివరి మాట కూడా ఆమెదే.

అలాగని మనవాళ్లందరినీ దేవుళ్లను చేయకండి. తాగి చేను పాడుచేసుకున్న మామ ఉంటాడు. చదువు మాన్పించి పెళ్లి చేసిన నాన్న ఉంటాడు. వాళ్ల మీద కోపంతో కాదు, అర్థం చేసుకోవడానికి రాయండి. పాపం, అమాయకులు అన్న మాటలు బయటివాళ్లు మన గురించి ఎన్నోసార్లు వాడారు. మనం మళ్లీ వాడక్కర్లేదు.

చివరగా దిద్దుకోవడం. రాసినదాన్ని నాలుగు రోజులు పక్కన పెట్టండి. తర్వాత గట్టిగా చదవండి. నోరు ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం విరగ్గొట్టండి. ఎంతో, చాలా, అద్భుతం, మరువలేని లాంటి మాటలు కొట్టేసి చూడండి. కొట్టేశాక వాక్యంలో ఏమీ మిగలకపోతే, అక్కడ మీరు ఇంకా అడగాల్సింది ఉందన్నమాట. మళ్లీ అవ్వ దగ్గరికి పోండి. ఫోన్‌లో వెతికి దొరికిన పేరా తెచ్చి అతికించకండి. అది వంద మంది అతికించినదే, అందులో మీ గూడెం ఉండదు.

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, మీకు ఒక పని చెప్పి ముగిస్తాం. దీపావళికి దండారికి మీరంతా ఊరికి పోతారు. ఊళ్లో అందరికంటే పెద్ద వయసు ఎవరిదో చూడండి. రెండు పూటలు వాళ్ల దగ్గర కూర్చోండి. ఒక్క వస్తువు గురించి అడగండి: ఒక బావి, ఒక గట్టు, ఒక కిక్రి, ఒక ఇప్పచెట్టు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎక్కడ చెప్పారు అని పైన రాసి, కింద ఒక్క పేజీ రాయండి. వాళ్లకు చదివి వినిపించి, ఒక కాపీ ఇంట్లో పట్టా కాగితాలు పెట్టే పెట్టెలో పెట్టండి. ఇంకో కాపీ సంఘానికి పంపండి. వచ్చే సంచికకు పేజీలు తక్కువ పడేటట్టు చేయండి.

సెలవు. మావ నాటే, మావ రాజ్.