మాయా శాసనాలు - మన అక్షరాలు

 

ఇవాళ ప్రాచీన మాయా నాగరికత గురించి మాట్లాడతాను. పేరు కలిసిందని మన మయుడితో వాళ్ళకు చుట్టరికం కలిపే కథలకు ఆధారం లేదు. నోట మాట నిలిచినా చేతి రాత పోతే ఒక జాతికి ఎంత నష్టమో వాళ్ళ చరిత్ర చెబుతుంది. నన్ను కదిలించింది అదే.

దక్షిణ మెక్సికో, గ్వాతెమాలా, బెలీజ్, హోండురాస్ ప్రాంతాల్లో క్రీ.శ. 250 నుంచి 900 దాకా మాయాల మహోన్నత కాలం. తికాల్, పాలెంకే, కోపాన్ నాటి రాజధానులు. చుక్క ఒకటి, గీత అయిదు, సున్నాకు వేరే గుర్తు. ఇరవై చొప్పున లెక్క. క్రీ.పూ. 3114 నుంచి రోజులు లెక్కించే పద్ధతి వారిది. తొమ్మిదో శతాబ్దంలో కరవులు, యుద్ధాలు ముప్పిరిగొని దక్షిణాది నగరాలు ఖాళీ అయ్యాయి. అంతమాత్రాన మాయాలు అంతరించలేదు. వారి చివరి స్వతంత్ర రాజధాని 1697 దాకా స్పెయిన్‌కు లొంగలేదు. ఆ భాషలు మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ లక్షల్లో ఉన్నారు.

పోయింది అక్షరం. 1562లో మాని అనే ఊళ్ళో దియేగో దె లాండా అనే క్రైస్తవ సన్యాసి మాయా పుస్తకాలను తగలబెట్టించాడు. నేడు మిగిలినవి నాలుగే. చదవగల పెద్దలు పోయారు, నేర్పేవాళ్ళు లేకపోయారు. తాతముత్తాతల శాసనం కళ్ళెదుటే ఉన్నా మనుమలకు అది వట్టి బొమ్మల రాయి అయింది.

1952లో సోవియట్ పండితుడు యూరి క్నోరొజోవ్ ఆ ముడి విప్పాడు. పుస్తకాలు తగలబెట్టించిన ఆ లాండాయే రాసిపెట్టుకున్న మాయా లిపి పట్టికలోని గుర్తులు మన గుణింతాల్లా హల్లూ అచ్చూ కలిసినవని గ్రహించాడు. మాయా పుస్తకంలో టర్కీ కోడి బొమ్మకు పైన 'కు', 'త్సు' గుర్తులున్నాయి. చివరి అచ్చు వదిలేస్తే 'కుత్స్', అంటే ఆ కోడే. కుక్క బొమ్మకు పైన అదే 'త్సు', పక్కన 'లు'. కలిపితే 'త్సుల్', కుక్క! 1960లో తతియానా ప్రొస్కురియాకోవా శిలల మీది తేదీలు రాజుల పుట్టుకలు, పట్టాభిషేకాలవని నిరూపించింది. క్రమంగా రాజులకు పేర్లు తిరిగొచ్చాయి. 615లో పన్నెండేళ్ళ ప్రాయంలో పాలెంకే సింహాసనమెక్కిన పకాల్ చరిత్రలోకి వచ్చాడు.

అలా చదివితే మాట్లాడే రాయి మనకూ ఉంది. మన పొరుగునే, వేలూరుకు పడమట విరించిపురం మార్గబంధు ఆలయంలో విజయనగర రాజు రెండవ దేవరాయల కాలపు తమిళ శాసనం ఉంది. శకం 1347, అంటే క్రీ.శ. 1425-26. పడైవీడు రాజ్యంలోని కన్నడ, తమిళ, తెలుగు, లాట బ్రాహ్మణులు ఇకమీదట కన్యాదానంగానే పెళ్ళిళ్ళు చేస్తామని కట్టుబాటు చేసుకున్నారు. పసిడి పుచ్చుకుని పిల్లనిచ్చినా, పసిడి ఇచ్చి చేసుకున్నా వెలి తప్పదన్నారు. ఆరు వందల ఏళ్ళ కిందటే తెలుగువారు ఇక్కడ ఉన్నారనడానికి రాతి మీది సాక్ష్యమిది. 1890లో శాసన పరిశోధకుడు హుల్ట్ష్ దొర అచ్చు వేయించబట్టి అది అందరికీ అందింది.

మన వేలూరు ప్రాంతపు గుడియాత్తం మగ్గాల ఇళ్ళలో తెలుగు మాట వినిపిస్తుంది. ఆ మాటను తెలుగు అక్షరాల్లో రాయగల పిల్లలు తగ్గిపోతున్నారు. తమిళనాడు 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం రావడం మన భాగ్యం, విరించిపురం శాసనం చదవాలన్నా అది కావాలి. పక్కన తెలుగు లేకపోవడమే లోటు. ఆ లోటు తీర్చడం మన చేతుల్లోని పని.

ఇవాళ మాయా యువతీయువకులు పూర్వుల లిపిని పట్టుబట్టి మళ్ళీ నేర్చుకుంటున్నారు, కొత్త శాసనాలు చెక్కిస్తున్నారు. వాళ్ళకు నేర్పే తాతలు లేరు, మనకు ఉన్నారు. కాబట్టి నా విన్నపం ఒక్కటే. ఆదివారం ఒక గంట మీ వీధి పిల్లలను కూర్చోబెట్టి ఓనమాలు దిద్దించండి. ఇంట్లోని పాత తెలుగు ఉత్తరాలు, దస్తావేజులు పారేయకుండా వాళ్ళ చేత చదివించండి. ఈ సభ చేసే తీర్మానాల్లో ఇది మొదటిది కావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.