సూపర్‌మాన్‌కు బలం ఎవరిచ్చారు?

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా సత్తెనపల్లిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో కరువు భత్యం బకాయిల గురించో, మెడికల్ బిల్లుల గురించో మాట్లాడుకోవటం మనకు ఆనవాయితీ. ఈసారి పిల్లలు కూడా వస్తున్నారు కాబట్టి ఏదైనా ఒక సినిమా గురించి మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను ఎన్టీఆర్ గారి "సూపర్‌మాన్" గురించి మాట్లాడతానన్నాను. ఆయన ఏ "మాయాబజార్" అంటాననో అనుకున్నట్టున్నారు, ఒక నవ్వు నవ్వి ఊరుకున్నారు. నవ్వటం న్యాయమే. అది గొప్ప సినిమా అని నేనూ అనను. కానీ ఆ సినిమా చూసి వస్తూ విన్న ఒక మాట నా సర్వీసుకంతటికీ పనికివచ్చింది. అదే మీకు మనవి చేస్తాను.

ముందు అసలు సూపర్‌మాన్ సంగతి. మనకు అద్దె పుస్తకాల షాపుల్లో కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో ఎలాగో, అమెరికాలో 1920, 30 దశకాల్లో చవక కాగితం మీద అచ్చయ్యే సాహసకథల పత్రికలు అలాగ. వాటిని పల్ప్ పత్రికలనేవారు. ఆ కథలు చదివి పెరిగిన ఇద్దరు స్నేహితులు ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌లో ఉండేవారు. ఒకరు జెర్రీ సీగెల్, కథ రాసేవాడు. రెండోవారు జో షుస్టర్, బొమ్మ వేసేవాడు. ఇద్దరూ 1914లో పుట్టినవారే, ఒకే హైస్కూల్లో చదివినవారే. వారు కల్పించిన సూపర్‌మాన్ 1938 జూన్ సంచికగా వెలువడిన "యాక్షన్ కామిక్స్" మొదటి పుస్తకంలో తొలిసారి కనిపించాడు. అతను క్రిప్టాన్ అనే వేరే గ్రహంలో పుట్టినవాడు. ఆ గ్రహం నశించిపోతుంటే తండ్రి పసిబిడ్డను వాహనంలో పెట్టి భూమికి పంపిస్తాడు. ఆ బలం అతనికి పుట్టుకతో వచ్చింది. ఎవరూ ఇచ్చింది కాదు.

రిచర్డ్ డానర్ దర్శకత్వంలో క్రిస్టఫర్ రీవ్ వేసిన పెద్ద సినిమా 1978 డిసెంబరులో విడుదలయింది. తరువాత 1980లో మన తెలుగు "సూపర్‌మాన్" వచ్చింది. దర్శకులు వి. మధుసూదనరావు గారు, అంటే "గుడిగంటలు", "వీరాభిమన్యు" తీసినవారు. సంగీతం చక్రవర్తి, కథానాయిక జయప్రద.

మనవాళ్ళు పేరు తెచ్చుకున్నారు, వేషం తెచ్చుకున్నారు, ఆకాశంలో ఎగరటం తెచ్చుకున్నారు. క్రిప్టాన్ గ్రహాన్ని మాత్రం అక్కడే వదిలేశారు. తెలుగు సినిమాలో దుర్మార్గులు తల్లిదండ్రులను పొట్టన పెట్టుకుంటే బిడ్డ అనాథ అవుతాడు. ఆంజనేయస్వామి అనుగ్రహం వల్ల అతనికి ఆ శక్తులు వస్తాయి. మనిషి కొండలెత్తుతున్నాడంటే "వీడికి ఈ బలం ఎవరిచ్చారు?" అని మన ప్రేక్షకుడు అడిగి తీరతాడు. వేరే గ్రహం నుంచి తెచ్చుకున్నాడంటే ఒప్పుకోడు. స్వామి ఇచ్చాడంటే సరేనంటాడు.

ఎన్టీఆర్ గారు 1923 మే 28న పుట్టారు. అంటే ఆ బిగుతు దుస్తులు వేసుకునేనాటికి ఆయనకు 57 ఏళ్ళు. మన లెక్కలో సర్వీసు రిజిస్టరు తిరగేసుకుంటూ పెన్షన్ కాగితాలు సిద్ధం చేసుకునే వయస్సు. ఆయన కూడా 1947లో మన గుంటూరు జిల్లాలోనే సబ్ రిజిస్ట్రారుగా చేరి, మూడు వారాలకే వదిలేసి సినిమాల్లోకి వెళ్ళారని మీకు తెలిసిందే. ఉండి ఉంటే మన సంఘానికి ఒక సభ్యుడు పెరిగేవాడు! ఆయనే ముఖ్యమంత్రి అయి 1983 ఫిబ్రవరిలో మన రిటైర్మెంటు వయస్సును 58 నుంచి 55కు తగ్గించటం, తరువాత అది తిరిగి 58 కావటం చరిత్ర. ఆ చర్చ మొదలైతే ఈ సభ భోజనాల వేళకు ముగియదు కనుక అక్కడితో ఆపుతాను.

ఆ సినిమా నేను చూసింది 1981 మొదట్లో, మన ఊరి హాల్లోనే. మిరపకోతల రోజులు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కల్లాల నుంచి సరాసరి ఆటకు వచ్చేవారు. వాళ్ళ బట్టల ఘాటుకు హాలంతా దగ్గటమే. ఇంటర్వెల్లో సోడాలు దొరకలేదు. నేను అప్పటికి జూనియర్ అసిస్టెంటును. మా హెడ్ క్లర్కు గారు, ఆయన్ని అందరం గురువుగారూ అనేవాళ్ళం, ఎందుకో ఆ సాయంత్రం నాతోపాటు వచ్చారు. 1924 చివర పుట్టిన మనిషి. 1979లో రిటైర్మెంటు వయస్సు 55 నుంచి 58కి పెంచబట్టి ఇంకా సర్వీసులో ఉన్నారు.

ఆ రోజుల్లో నా పరిస్థితి ఏమీ బాగాలేదు. ప్రమోషనుకు కావలసిన అకౌంట్స్ టెస్ట్ ఫర్ సబార్డినేట్ ఆఫీసర్స్ రెండుసార్లు తప్పాను. మూడోసారి కట్టనని భీష్మించుకు కూర్చున్నాను. సినిమా అయ్యాక నడిచి వస్తూ నేను ఏదో హాస్యానికి, "మనకూ ఆంజనేయస్వామి కనిపిస్తే బాగుండును గురువుగారూ, టెస్టు గట్టెక్కుతుంది" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఏమయ్యా, ఆయనకు హనుమంతుడు గుర్తుచేశాడు, బాగుంది. మరి హనుమంతుడికి గుర్తుచేసిందెవరు?" అని అడిగారు.

నాకు జవాబు తట్టలేదు. అప్పుడు దారిపొడుగునా ఆ ఘట్టం చెప్పారు. పిల్లలకోసం నేను మళ్ళీ చెబుతాను. కిష్కింధకాండ చివర వానరులంతా సముద్రపు ఒడ్డున కూలబడతారు. లంకకు నూరు యోజనాలు. ఎవరెంత దూకగలరని అంగదుడు అడుగుతాడు. ఒకడు పది అంటాడు, ఒకడు ఇరవై అంటాడు. జాంబవంతుడి వంతు వస్తుంది. వయసులో ఉన్నప్పుడు త్రివిక్రముడి చుట్టూ ప్రదక్షిణం చేసినవాడిని, ఇప్పుడు ముసలివాడినయ్యాను, తొంభై యోజనాలు పోగలను, ఆపైన నావల్ల కాదు అంటాడు. చూడండి, పది యోజనాలు తక్కువయ్యాయి. అయినా ఆయన మూల కూర్చోలేదు. ఒక పక్కన మౌనంగా ఉన్న హనుమంతుడి దగ్గరకు వెళ్ళాడు. మునుల శాపం వల్ల తన బలం తనకు తెలియని హనుమంతుడికి ఆ పుట్టుక, ఆ బాల్యం, ఆ వరాలు అన్నీ వరసగా గుర్తుచేశాడు. ఆ తరువాతనే హనుమంతుడు పెరిగాడు, దూకాడు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళేసరికి నా బల్లమీద టెస్టుకు కట్టే దరఖాస్తు ఫారం ఉంది. రోజూ సాయంత్రం ఆఫీసు అయ్యాక ఒక గంట ఆయన నన్ను కూర్చోబెట్టి ఫైనాన్షియల్ కోడ్, ట్రెజరీ కోడ్ చెప్పారు. పుస్తకం చూసి చెప్పటం కాదు, తాను పాసుచేసిన బిల్లులు, తాను తిప్పి పంపిన బిల్లులు ఉదాహరణలుగా చెప్పారు. ఆ విడతలో పాసయ్యాను. ఆయన 1982 చివర రిటైరయి తన పల్లెకు వెళ్ళిపోయారు. నాకు ప్రమోషను వచ్చింది, బదిలీ వచ్చింది, మరొక బదిలీ వచ్చింది. ఒకసారి వెళ్ళి, "మీవల్లనే ఇంతవాడినయ్యాను" అని చెప్పి రావాలనుకుంటూనే ఏళ్ళు గడిపాను. చివరకు వెళ్ళిననాడు వారి గోడమీద పటానికి దండ వేసి ఉంది. ఆయన భార్యగారు మంచినీళ్ళిచ్చి, "మీ పేరు చెబుతుండేవారు బాబూ, ఆఫీసరు అయ్యాడట అని" అన్నారు. ఆ మాటకు నేను ఏమి సమాధానం చెప్పగలను?

ఆ తరువాతే నాకు అమెరికా సూపర్‌మాన్ వెనుక కథ చదివే అవకాశం కలిగింది. అది మన పెన్షనర్లు తప్పక తెలుసుకోవలసిన కథ. సీగెల్, షుస్టర్ ఇద్దరూ ఆ మొదటి కథకు 130 డాలర్లు తీసుకుని సూపర్‌మాన్ మీద సర్వహక్కులూ రాసిచ్చేశారు. బొమ్మల పుస్తకాలు లక్షల్లో అమ్ముడయ్యాయి. 1947లో కోర్టుకెక్కితే హక్కులు దక్కలేదు, ఉన్న పనీ పోయింది, పుస్తకాలమీద వారి పేర్లూ పోయాయి. 1975లో సూపర్‌మాన్‌ను భారీ ఖర్చుతో సినిమా తీయబోతున్నారన్న వార్త వచ్చేసరికి సీగెల్ ఒక ఆఫీసులో గుమాస్తా. షుస్టర్‌కు చూపు బాగా మందగించింది. ఇద్దరికీ 61 ఏళ్ళు. సీగెల్ కడుపుమండి పత్రికలకు లేఖ రాశాడు. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ వంటి తోటి చిత్రకారులు వారి తరఫున నిలబడ్డారు. ఆ ఏడు డిసెంబరులో కంపెనీ దిగివచ్చి, ఒక్కొక్కరికి జీవితాంతం ఏటా 20,000 డాలర్లు ఇవ్వటానికి, సృష్టికర్తలుగా పేర్లు వేయటానికి ఒప్పుకుంది. అదే సినిమాలో సూపర్‌మాన్ తండ్రిగా కొద్దిసేపు కనిపించిన మార్లన్ బ్రాండోకు ముట్టింది 37 లక్షల డాలర్లు.

మనం ఈరోజు తలచుకునే నకారా కేసు తీర్పు 1982 డిసెంబరు 17న వచ్చింది. పెన్షన్ దయతో ఇచ్చే దానం కాదు, హక్కు అని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఇద్దరికీ ఆ హక్కు లేదు. నలుగురూ గొంతెత్తితే గానీ బలమిచ్చినవారి పేరు తెరమీదకు రాలేదు.

2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ "హనుమాన్" సినిమా వచ్చింది. మా మనవడు నన్నూ తీసుకువెళ్ళాడు. 44 ఏళ్ళ తరువాత కూడా తెలుగు కుర్రవాడికి బలం హనుమంతుడి రక్తబిందువు మణిగా మారితే దానినుంచి వచ్చింది. అందులో దారి చెప్పే వృద్ధుడు విభీషణుడు. తిరిగి వస్తూ మావాడు, "తాతయ్యా, నీకేం పవర్ ఉంది?" అని అడిగాడు. కుర్చీలో ఉన్నన్నాళ్ళూ మన సంతకానికి విలువ ఉంది. అది ప్రభుత్వం ఇచ్చింది, రిటైరైన సాయంత్రం తాళాలతోపాటు అప్పగించి వచ్చాం. మిగిలింది తెలిసిన పని ఒక్కటే. "గుర్తుచేసే పవర్ ఉందిరా" అన్నాను. వాడికి అది పెద్దగా నచ్చినట్టు లేదు!

కనుక ఒక్క మనవి చేసి ముగిస్తాను. 2019లో వచ్చిన గ్రామ, వార్డు సచివాలయాల్లో మన పిల్లలు ఎంతోమంది ఉద్యోగాల్లో చేరారు. వారికీ డిపార్టుమెంటల్ టెస్టులున్నాయి. తప్పినవారు, మళ్ళీ కట్టాలా వద్దా అని కూర్చున్నవారు మన వీధిలోనే ఉంటారు. మన సంఘం గది ఆదివారం ఉదయం ఖాళీగానే ఉంటోంది. కోడ్లు తెలిసినవారు ఇక్కడ చాలామందిమి ఉన్నాం. వచ్చే ఆదివారం తొమ్మిది గంటలకు తలుపు నేను తీస్తాను. పది యోజనాలు తగ్గినవారందరూ రావలసిందిగా ప్రార్థన.

మరొక్క మాట. మీకు పని నేర్పినవారు ఎవరైనా ఇంకా ఉంటే, ఈ వారంలోనే వెళ్ళి చూసి రండి.