ఆటగాడు మాటగాడైన కథ



హాకీ యనగానే మనకు ధ్యాన్‌చంద్ పేరు జ్ఞప్తికి వచ్చును. 1928లో ఆంస్టర్‌డాం మొదలు 1972లో మ్యూనిక్ వరకు జరిగిన ఒలింపిక్సులలో మన జట్టు పతకము లేకుండ తిరిగివచ్చిన సందర్భము ఒక్కటియు లేదు. ఇట్టి చరిత్రగల దేశమువారి సభలో ఒక కెనడా దేశీయుని గూర్చి, అందును మంచుపై ఆడెడి హాకీ ఆటగాని గూర్చి ప్రసంగింపబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. ఆయన పేరు హౌవీ మీకర్. ఆయన ఆడిన ఆటకంటె, ఆట ముగిసిన పిమ్మట చెప్పిన మాట మనకు ఎక్కువ ఉపకరించునని నా నమ్మకము.

ముందుగా ఆ ఆటను గూర్చి ఒక మాట. అచ్చటి ఆటస్థలము గడ్డి కాదు, గడ్డకట్టిన నీరు. ఆటగాండ్రు ఉక్కు అలుగులు గల బూట్లు తొడిగి దానిపై జారుచు పరుగిడుదురు. బంతికి బదులు నల్లని రబ్బరు బిళ్ల యుండును. దానిని పక్ అందురు. గోలుకీపరుతో కూడ ఒక్కొక్క పక్షమున ఒకేసారి ఆడువారు ఆరుగురు మాత్రమే. ఆ వేగమెంతటిదనగా, కొత్తగా చూచువానికి గోలు వెనుక ఎఱ్ఱదీపము వెలిగిన తరువాతగాని బిళ్ల లోపల పడిన సంగతి తెలియదు. ఈ వేగమే మీకర్ రెండవ జీవితమునకు మూలమయ్యెను.

ఆయన 1923 నవంబరు 4వ తేదీన ఒంటారియో రాష్ట్రములోని కిచెనర్ పట్టణమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైన్యములో చేరి, ఇంగ్లండులో శిక్షణ పొందుచుండగా చేతిబాంబు ప్రేలి కాళ్లకు తీవ్రమైన గాయములు తగిలెను. కాళ్లే జీవనాధారమైన ఆటగానికి ఇంతకంటె పెద్ద ఆపద ఏమున్నది? అయినను కోలుకొని 1946లో టొరాంటో మేపుల్ లీఫ్స్ జట్టున చేరెను. 1947 జనవరి 8న షికాగో జట్టుపై ఒక్క ఆటలోనే ఐదు గోలులు చేసెను. ఆ యేటి ఉత్తమ నూతన క్రీడాకారునికిచ్చు కాల్డర్ బహుమానము ఆయనకే దక్కెను. తరువాతి కాలమున మహాక్రీడాకారుడని పేరొందిన గోర్డీ హో కూడ ఆ సంవత్సరముననే రంగప్రవేశము చేసినవాడు. 1947, 1948, 1949, 1951 సంవత్సరములలో స్టాన్లీ కప్పు గెలిచిన టొరాంటో జట్లలో మీకర్ ఉండెను.

మరియొక విశేషము. 1951లో జరిగిన ఉప ఎన్నికలో గెలిచి ఆయన కెనడా పార్లమెంటు సభ్యుడయ్యెను. ఒకవైపు హాకీ ఆడుచు, మరొకవైపు 1953 వరకు చట్టసభలో కూర్చుండెను. ఉద్యోగుల నడవడి నియమావళి కంఠస్థమైన మనకు ఇది చోద్యముగా తోచక మానదు!

అటుపిమ్మట దినములు అనుకూలింపలేదు. 1956-57లో తన పాత జట్టుకే శిక్షకుడయ్యెను గాని, ఆ యేడు జట్టు ఓటములే ఎక్కువగా చవిచూచెను. జనరల్ మేనేజరు పదవి లభించినను, తరువాతి ఆటల ఋతువు ప్రారంభము కాకముందే అదియు పోయెను. ఆయన న్యూఫౌండ్లాండుకు పోయి బాలురకు ఆట నేర్పుచు కాలము గడిపెను. లోకము దృష్టిలో ఆయన కథ అంతటితో ముగిసినట్లే.

కాని టెలివిజన్ ఆయనకు పునర్జన్మ నిచ్చెను. 'హాకీ నైట్ ఇన్ కెనడా' అను కార్యక్రమములో వ్యాఖ్యాతగా 1970 దశకమున ఇంటింటికి పరిచితుడయ్యెను. అంతకుముందు వ్యాఖ్యానమనగా జరిగినదానిని జరిగినట్లు వర్ణించుటయే ప్రధానము. మీకర్ వచ్చి, ఎందుకు జరిగెనో చెప్పసాగెను. కీచుమని పలుకు గొంతుతో, ఉత్సాహము పట్టలేక, చిత్రమును ఆపుమనును, వెనుకకు త్రిప్పుమనును, తెరపై గీతలు గీయు సాధనముతో ఈతడు ఇచ్చట నిలువవలసినది, అచ్చట నిలిచెనని చూపును. గోలు కొట్టినవానిని పొగడి ఊరకొనక, ఆ గోలునకు దారి విడిచినవాడెవడో వ్రేలెత్తి చూపును. వంటయింటిలోని గృహిణికి, బడికి పోవు బాలునికి సైతము ఆట మర్మము తెలిసెను.

1972లో సోవియట్ జట్టు కెనడాకు వచ్చెను. తమకు సాటిలేదని కెనడావారి ధీమా. సెప్టెంబరు 2న మాంట్రియాలులో జరిగిన మొదటి ఆటలో సోవియట్ జట్టు 7-3 గోలులతో గెలిచెను. ఎనిమిది ఆటల పోటీలో చివరకు కెనడా నాలుగు, సోవియట్ జట్టు మూడు గెలువగా, ఒకటి సమమయ్యెను. గెలిచితిమి గదా యని సంబరపడుట సులభము. మీకర్ ఆ సులభమార్గము త్రొక్కలేదు. జారుట, బిళ్లను నడుపుట, తోడివానికి అందించుట అను మూలవిద్యలను మన పిల్లలకు సరిగా నేర్పుట లేదని ఆయన పదే పదే హెచ్చరించెను. హెచ్చరించుటతో ఊరకొనక, 1973 నుండి 1977 వరకు టెలివిజన్‌లో 'హౌవీ మీకర్స్ హాకీ స్కూల్' నడిపి, చిన్నచిన్న పాఠములుగా తానే నేర్పెను.

అదే మాంట్రియాలు నగరమున 1976లో ఒలింపిక్సు జరిగెను. హాకీని మొదటిసారిగా కృత్రిమపు గడ్డిపై ఆడించిరి. అంతకుముందు సంవత్సరమే కౌలాలంపూరులో ప్రపంచకప్పు గెలిచిన మన జట్టు అచ్చట ఏడవ స్థానమున నిలిచెను. 1980లో మాస్కోలో స్వర్ణము లభించినను, మరల ఒలింపిక్ పతకము చూచుటకు 2021 వరకు వేచియుండవలసి వచ్చెను. ఇందుకు కారణములు పెక్కు. అయినను, విజయ సమయముననే లోపమును చెప్పగల ఆత్మీయుడు ప్రతి ఆటకు, ప్రతి సంస్థకు ఎంత అవసరమో ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూచిన తెలియును.

ఇది హాకీకి మాత్రమే చెందిన విషయము కాదు. ముప్పది సంవత్సరములు ఫైళ్లు నడిపిన ఉద్యోగి పదవీవిరమణ చేయునపుడు పూలదండ వేసి, శాలువ కప్పి పంపుచున్నాము. ఆయనతోపాటు ఆయన యెరిగిన పనియు గడప దాటిపోవుచున్నది. చేతికి వచ్చిన విద్య మాటకు రానిచో, అది ఆ చేతితోనే అంతరించును. పని చేయగలుగుట ఒక నేర్పు. చేసినదానిని మరొకరికి తెలియునట్లు చెప్పగలుగుట వేరొక నేర్పు. మొదటిది ఉన్నంతమాత్రమున రెండవది రాదు. మీకర్ దానిని శ్రమించి సాధించెను.

1998లో హాకీ కీర్తిమందిరమువారు ప్రసారకులకిచ్చు ఫాస్టర్ హ్యూయిట్ పురస్కారముతో ఆయనను గౌరవించిరి. నాలుగు కప్పులు గెలిచిన ఆటగానికి ఆటగానిగా లభింపని స్థానము వ్యాఖ్యాతగా లభించుట గమనింపదగినది. 2020 నవంబరు 8న, తన 97వ యేట ఆయన కన్నుమూసెను.

సోదరులారా, మనలో పాటకులున్నారు, నటులున్నారు, వంటలో, లెక్కలలో ఆరితేరినవారున్నారు. మన సంఘపు పిల్లలు మన యెదుట కూర్చుండియున్నారు. మీరెరిగినది వారికి విప్పి చెప్పుడు; వారు తప్పిన చోట ప్రేమతో ఆపి, వెనుకకు త్రిప్పి చూపుడు. ఇంతకంటె మిన్నయైన సాంస్కృతిక సేవ లేదని మనవి చేసికొనుచు సెలవు గైకొనుచున్నాను.