పంక్తి దాకా వచ్చి పెళ్ళి దగ్గర ఆగలేదు



పనిమనిషికి కాఫీ పోసే గ్లాసు మనలో ఎంతమంది ఇళ్ళలో ఇంకా విడిగా, పెరటి గూట్లో ఉంటోందో! దాన్ని చూసినప్పుడల్లా నాకు మన పటమట సరస్వతీ గోరా గారు గుర్తుకొస్తారు.

ఆవిడ 1912లో విజయనగరంలో ఆచారవంతుల ఇంట పుట్టారు. పదో ఏట పెళ్ళి. భర్త గోరా గారు జంధ్యం తీసేసి అయినవాళ్ళకి దూరమైతే, ఆయన వెంటే నిలబడ్డారు. దంపతులు 1940లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో పటమటకు మార్చారు. అంటరానితనం పోవాలని పున్నమినాడు అన్ని కులాలవారికీ సహపంక్తి భోజనాలు జరిపేవారు. ఇల్లాలు సమ్మతించకపోతే ఇటువంటివి ఒక్కనెల కూడా సాగవని మీకు వేరే చెప్పాలా?

అయితే పంక్తిలో కూర్చోవడం ఒక ఎత్తు, పిల్లనివ్వడం ఒక ఎత్తు. పెద్దమ్మాయి మనోరమను హరిజన యువకుడు అర్జునరావుగారికి ఇవ్వాలనుకున్నారు. గాంధీగారు సంతోషించి, రెండేళ్ళు ఆగమన్నారు. మనమైతే ఆ రెండేళ్ళలో చుట్టాల మాటలకి ఎన్నిసార్లు మనసు మార్చుకునేవాళ్ళమో! వీరు నాస్తికులు కదా, పెళ్ళిప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు పెట్టడానికి కూడా గాంధీగారు ఒప్పుకున్నారు. 1948 జనవరిలో ఆయన హత్య జరిగింది. పెళ్ళి ఆగలేదు. ఆ మార్చిలోనే సేవాగ్రాంలో చేశారు.

తర్వాత 1960లో కొడుకు లవణంగారు హేమలతగారిని చేసుకున్నారు. ఆవిడ ఎవరనుకున్నారు? కులం పేరిట అడుగడుగునా అవమానాలు పడ్డ మహాకవి గుర్రం జాషువాగారి అమ్మాయి.